తువ్వాలు కింద రెండు వేళ్ళు

మొన్న మధ్యాహ్నం బేరాలు పలచబడిన వేళ మా బాబాయి నా బెల్లం కొట్టుకి వచ్చాడు. వచ్చినవాడు అలవాటుగా బెల్లం ముక్క నోట్లో వేసుకోలేదు. ధర అడిగి వెక్కిరించలేదు. బల్ల మీద కూర్చుని, రోడ్డు అటూ ఇటూ చూసి, జేబులోంచి ఫోను తీసి దొంగసొత్తులాగ నా ముందుకి తోశాడు.

"అమ్మడూ, దీంట్లో నొక్కితే ఎవడు నొక్కేడో తెలిసిపోతాదేటి?"

చూస్తే అది మా ఇంటి పిల్లల గ్రూపు. ఎవరో మనవడు ఓటింగు పెట్టాడు. ఎప్పటికీ నంబర్ వన్ సినిమా ఏది, నొక్కండి, ఎవరు దేనికి నొక్కారో బయటికి కనబడదు అని. కొత్త సినిమాల పేర్ల కింద, మా తరం మీద జాలిపడ్డాడు కాబోలు, రెండు పాత సినిమాలు కూడా చేర్చాడు.

ఆ రెండూ పక్కపక్కన చూడగానే ఫోను బల్ల మీద బోర్లించేశాను. నవ్వకండి. తనిఖీకి అధికారులు వచ్చినా మజ్జిగిచ్చి కూర్చోబెట్టి, వెళ్ళేటప్పుడు వాళ్ళ చేత అరకిలో బెల్లం కొనిపించే మనిషిని నేను. అలాంటి నాకు రెండు సినిమాల పేర్లు చూస్తే గుండె జారింది.

పేర్లు రాయను. రాస్తే అనకాపల్లిలో ఇప్పటికీ ఎవరో ఒకరు తగువుకి వస్తారు, నాకు బేరం పోతుంది. ఒకటి కోట సినిమా, అది కత్తి హీరోది. రెండోది రైలు సినిమా, అది డాన్సు హీరోది. అంతవరకు చాలు.

ఆ సినిమాల రోజుల్లో నేను అప్పుడే లంగా మీద వోణీ వేసుకుంటున్న పిల్లని. మా ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు అరుగు, తర్వాత బెల్లం గది, వెనక వంటిల్లు. పొద్దున్నే కోటపాడు వైపు నుంచీ కోటవురట్ల వైపు నుంచీ బళ్ళు వచ్చేవి. బెల్లం దిమ్మలు దింపుతుంటే వీధంతా తియ్యటి ఆవిరి. కందిరీగలు మా కంటే ముందే లేచి పనిలోకి దిగేవి. మా అన్నంలో, బట్టల్లో, పుస్తకాల్లో కూడా బెల్లం వాసనే. బడిలో నా పక్కన కూర్చోడానికి పిల్లలు పోటీపడేవారు. అది నా మీద ప్రేమనుకునేదాన్ని. నా సంచి అడుగున ఎప్పుడూ బెల్లం పొడి ఉండేది, అదీ అసలు సంగతి.

మా తాత దళారి. రైతుకీ కొనే షావుకారుకీ మధ్య ధర తేల్చే మనిషి. ఆ రోజుల్లో ధర నోటితో చెప్పేవారు కాదు. తాత భుజం మీది తువ్వాలు తీసి చెయ్యి మీద కప్పుకునేవాడు. షావుకార్లు ఒకరి తర్వాత ఒకరు తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి, తాత వేళ్ళు పట్టుకుని నొక్కేవారు. ఎన్ని వేళ్ళు, ఎలా నొక్కితే ఎంత ధరో అందరికీ తెలుసు. ఎవరు ఎంత నొక్కారో మాత్రం తాతకొక్కడికే తెలుసు. ఎవరి మాటా పక్కవాడికి పొక్కేది కాదు. ఎక్కువ నొక్కినవాడికి సరుకు. తాత చెయ్యి అబద్ధం చెప్పదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నమ్మకం.

సంత ముగిశాక మధ్యాహ్నాలు మా అరుగు సినిమా పిచ్చివాళ్ళది. కత్తి హీరో అభిమానులకి మా బాబాయి నాయకుడు. డాన్సు హీరో వాళ్ళకి ఎదురు వరసలో సోడా కొట్టు ఆయన నాయకుడు. ఇద్దరూ వరసకి బావా బావమరుదులు కారు గానీ, తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని బావా అని పిలుచుకునేవారు. పుణుకులు నములుతూ సినిమాలకి రకాలు కట్టేవారు, దిమ్మలకి కట్టినట్టే.

"కోట సినిమా మొదటి రకం బావా. ఇరిసి సూడు, లోపల కూడా బంగారమే."

"మీవోడు కత్తి తిప్పుతుంటే మా కొట్లో సోడా మిషను తిప్పినట్టుంటాది. అది మూడో రకం. వానలో తడిసిన దిమ్మ."

"మీవోడికి ఎగరడం తప్ప ఏటొచ్చు? కందిరీగ కుట్టినోడు కూడా అలాగే ఎగుర్తాడు."

వంటింట్లోంచి మా అమ్మ తన లెక్క తాను చెప్పేది. ఏడుపు బాగా వచ్చిన సినిమా మొదటి రకమట. నా లెక్క ఇంకా తేలిక. ఇంటర్వెల్లో బాబాయి ముంతమసాలా కొనిపెట్టిన సినిమా మొదటి రకం, కొనకపోతే నల్లబెల్లం.

ఇలా చెబుతుంటే సరదాగానే ఉంది. కానీ ఆ అరుగు మీద నవ్వు ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. ముందటి ఏడాది జాతరలో ఏ హీరో సినిమా వెయ్యాలన్న దాని మీద గొడవ లేచింది. సినిమాహాల్లో కుర్చీలు చీరేశారు. సోడాసీసాలు గాలిలో ఎగిరాయి. బాబాయి కనుబొమ మీద ఇప్పటికీ ఉన్న గీత ఆనాటిదే. ఆ రోజు వీధి చివర నుంచి కొట్ల తలుపుచెక్కలు ఒక్కొక్కటీ టకటకా మూసుకుంటూ మా వైపు వచ్చిన చప్పుడు నేను మరిచిపోలేదు. మనిషి అరుపు కంటే ఆ చప్పుడుకి ఎక్కువ భయం వేసింది. నేను బెల్లం గదిలో దిమ్మల వెనక దాక్కుంటే, కందిరీగలు కూడా నన్ను కుట్టకుండా ఊరుకున్నాయి.

ఇక నేను చెబుతున్న ఏడాది మాఘంలో ఒక పొద్దున్న తాతకి టీ తీసుకెళ్ళాను. స్టీలు గ్లాసు కాలుతుంటే వోణీ కొంగుతో పట్టుకుని ఇచ్చాను. తాత అరచేత్తో పట్టుకుని, రైతుతో మాట్లాడుతూ అలాగే ఉండిపోయాడు. ఊదలేదు, చెయ్యి మార్చలేదు. రైతు వెళ్ళాక గ్లాసు తీసుకుంటుంటే చూశాను. వేళ్ళ మీద తెల్లగా బొబ్బలు లేస్తున్నాయి.

"తాతా, కాలిపోయింది!"

తాత తన చేతిని తానే పరాయివాడి చేతిలాగ చూసుకున్నాడు. తర్వాత తువ్వాలు కప్పేశాడు.

"అరవకు అమ్మీ. షుగరు. ఏళ్ళు మొద్దుబారిపోయేయి. విశాఖపట్నంలో డాక్టరు సెప్పేడు. ఎవరికీ సెప్పకు. మీ బాబాయికి అసలు సెప్పకు, ఆడి నోట్లో ఆవగింజ దాగదు."

"మరి ధరలెలా తెలుత్తన్నాయి తాతా?"

"మణికట్టు దగ్గర ఇంకా కొంచెం తెలుత్తాది. అక్కడ పట్టించుకుంటన్నాను. మిగతాది మొహంలో సూత్తన్నాను." గొంతు తగ్గించాడు. "ఉగాది ముందు కొత్త అమావాస్య జాతర దాటితే బళ్ళు తగ్గిపోతాయి. అప్పుడు పెద్దోణ్ణయిపోయేనని మర్యాదగా తప్పుకుంటాను. ఈలోగా తెలిసిందనుకో, ఈ ఏడు నేను తెగ్గొట్టిన బేరాలన్నీ తిరగదోడతారు. నా ధర తప్పని షావుకారంటాడు, నన్ను ముంచేవని రైతంటాడు. ముప్పై ఊళ్ళు నా గుమ్మంలో ఉంటాయి."

ఆ రోజు నుంచి బేరాల వేళ నేను గుమ్మం వదల్లేదు. తాత తువ్వాలు తీసినప్పుడల్లా నా ఊపిరి ఆగిపోయేది. చెయ్యి బయటికి వచ్చి ధర చెప్పి, ఇద్దరూ తలూపేవరకు తిరిగి వచ్చేది కాదు. సినిమాహాలు యజమానే మా వీధిలో పెద్ద బెల్లం షావుకారు కూడా. ఆయనకి అప్పటికే అనుమానం మొదలైంది. ఒకసారి తువ్వాలు కింద నుంచి చెయ్యి తీస్తూ, "ఏటి పెద్దాయనా, ఈమధ్య ఏళ్ళొదిలేసి మణికట్టు అందిత్తన్నావు. నాడి సూడమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

జాతర దగ్గరపడింది. ఈసారి కుర్చీలు దక్కించుకోవాలని షావుకారు ఒక ఎత్తు వేశాడు. జాతర రోజున పాత సినిమా ఒక్కటే వేస్తాను, కోటో రైలో మీరే తేల్చుకోండి, కానీ రక్తం కారకూడదు అన్నాడు. చేతులెత్తమంటే ఎదురెదురుగా కొట్టుకుంటారు. చీటీలు వేద్దామంటే సోడా కొట్టాయన ఒప్పుకోలేదు. "సీటీలు మడిసేది ఎవడు, ఇప్పేది ఎవడు? మోసం ఉంటాది."

అప్పుడు మా బాబాయి, నా ప్రాణానికి, గుండెల మీద చెయ్యి వేసుకుని అన్నాడు. "మా నాన్న సెయ్యుంది కదా! తువ్వాలు కింద నొక్కండి. ఒక ఏలు కోట, రెండేళ్ళు రైలు. ఎవడిది ఎవడికీ తెలీదు. మా నాన్న సెయ్యి మీద అనుమానమున్నోడు ఇప్పుడే సెప్పండి."

ఎవరికీ లేదు. ఆ చెయ్యి మీద అనుమానం ఊళ్ళో ఇద్దరికే ఉంది, షావుకారుకీ నాకూ.

తాత కాదంటాడనుకున్నాను. షావుకారు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. "ఏం పెద్దాయనా, అంతేనా?" అన్నాడు, మెత్తగా. ఆ మెత్తదనం మాకు తెలుసు, సరుకులో లోపం కనిపెట్టిన షావుకారు అలాగే మాట్లాడతాడు. "అలాగే" అన్నాడు తాత.

ఆ సాయంత్రం వంటింటి వెనక మేమిద్దరం పరీక్ష పెట్టుకున్నాం. నేను రెండు వేళ్ళు నొక్కితే తాత ఒకటన్నాడు. ఒకటి నొక్కితే ఇంకా నొక్కు అన్నాడు, నేను అప్పటికే నొక్కి వదిలేశాను. ధరల బేరంలో షావుకారు గట్టిగా, ఆగి ఆగి నొక్కుతాడు, మణికట్టుకి కొంచెం అందుతుంది. కుర్రాళ్ళు అలా కాదు, భయంతో ముట్టీ ముట్టనట్టు తాకి లాగేసుకుంటారు. తాత నుదుటి మీద చెమట చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఏడవకు. మొహం సూడు," అన్నాడు. "నచ్చిన ధర నొక్కేవోడు నా కళ్ళల్లోకి సూత్తాడు. మనసులో ఒకటుండి ఏళ్ళతో ఇంకోటి సెప్పేవోడు, లేకపోతే అందరికీ ఒకటి సెప్పి ఇక్కడ ఇంకోటి నొక్కేవోడు, పక్కకి సూసి గుటకేత్తాడు. ఎప్పుడైనా అంతే."

నా వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీద నడిచింది. ఆ సాయంత్రం మాత్రం అది నాకు ధైర్యం ఇవ్వలేదు.

మర్నాడు సంత ముగిశాక అరుగు నిండిపోయింది. ఒక పక్క కత్తి వాళ్ళు, ఒక పక్క డాన్సు వాళ్ళు. డాన్సు వాళ్ళ కాళ్ళ దగ్గర సోడాసీసాల పెట్టె. దాహానికని చెప్పారు. వీధిలో కొట్లవాళ్ళు తలుపుచెక్కలు చేతిలో పట్టుకునే నిలబడ్డారు, వేద్దామా ఆగుదామా అన్నట్టు. షావుకారు తాతకి ఎదురుగా కుర్చీ వేయించుకున్నాడు. నేను తాత వెనక, మంచినీళ్ళ చెంబుతో.

ఒక్కొక్కరూ వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టారు. నేను మొహాలే చూశాను. నాకు అప్పుడు ఒక వింత కనబడింది. కత్తి వాళ్ళలో ఒకడు పక్కకి చూసి గుటక వేశాడు. డాన్సు వాళ్ళలో ఇద్దరు గోడ మీద బల్లిని చూశారు. ఇంకొకడు నవ్వబోయి పెదవి కొరుక్కున్నాడు. వీధిలో అరిచేది ఒకటి, తువ్వాలు కింద నొక్కేది ఒకటి. అంతమంది!

చివర్లో బాబాయి వచ్చాడు. అంతవరకు జబ్బలు చరుచుకున్న మనిషి, తండ్రి చేతిలో చెయ్యి పెట్టగానే తల వంచాడు. కళ్ళు చెప్పుల మీద పెట్టాడు. గొంతుముడి పైకి కిందికి కదిలింది.

వంగి చూడబోతే నా చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు తాత వీపు మీద ఒలికాయి. తాత కదలలేదు.

తువ్వాలు తీసి భుజం మీద వేసుకుని, సంతలో చెప్పే గొంతుతో అన్నాడు. "రెండూ ఒకే ధర పలికేయి. మాట్నీకి ఒకటి, ఫస్టు షోకి ఒకటి ఏసుకోండి."

రెండు పక్షాలూ ఒకరి తలలు ఒకరు లెక్కపెట్టుకున్నారు. తర్వాత సోడా కొట్టాయన లేచాడు. "ఒకే ధరేటి తాతా? మావోళ్ళు ఎక్కువమందున్నారు, కళ్ళకి కనబడతన్నారు కదా! సమానం ఎలాగొత్తాది?" పెట్టె మీద కాలు పెట్టాడు. వీధిలో ఎక్కడో మొదటి తలుపుచెక్క టక్కుమంది. "నీ సెయ్యికి సరిగ్గా తెలిసిందా? అయితే నేనేటి నొక్కేనో సెప్పు."

షావుకారు కుర్చీలో ముందుకి వంగాడు. "అదీ న్యాయమే. సెప్పు పెద్దాయనా," అన్నాడు. ఆయన అడుగుతున్నది సినిమా సంగతి కాదని తాతకీ నాకూ తెలుసు.

రెండో చెక్క. మూడోది. చప్పుడు మా వైపు వస్తోంది.

తాత నెమ్మదిగా తువ్వాలు మళ్ళీ చేతి మీద కప్పుకున్నాడు. "తువ్వాలు కింద మాట పైకి రాదు బాబూ. వచ్చిందంటే ఒక్కడిదే రాదు. నీది సెప్తాను. సెప్పి, నీ ఎనకాల నిలబడ్డోళ్ళవి వరసగా సెప్తాను. తర్వాత మావోడి ఎనకాలోళ్ళవి. ఎవడు పగలు ఏ జెండా మోసి, ఇక్కడ ఏది నొక్కేడో, పేరు పెట్టి పిలిసి సెప్తాను." ఆగాడు. "సెప్పమంటావా?"

సోడా కొట్టాయన నోరు తెరిచి వెనక్కి తిరిగాడు. వెనక ఉన్న తనవాళ్ళలో ఒకడు గోడ చూస్తున్నాడు, ఒకడు గోళ్ళు చూసుకుంటున్నాడు. మా బాబాయి మొహం పాకం మాడినట్టు నల్లబడింది. "వద్దు నాన్నా," అన్నాడు, వినబడీ వినబడకుండా.

"వద్దులే తాతా. నీ మాటే మాట," అంది డాన్సు వాళ్ళలో ఓ గొంతు. "వద్దొద్దు," అంది కత్తి వాళ్ళలో ఇంకోటి. అంత కలిసికట్టుగా ఆ రెండు పక్షాలూ అంతకుముందూ ఆ తర్వాతా ఒక్క మాట మీద నిలబడ్డది లేదు. సోడా కొట్టాయన పెట్టె మీంచి కాలు తీసి, "ఎండగా ఉంది, తలో సోడా తాగండి," అన్నాడు. షావుకారు కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా నవ్వాడు. "సెయ్యంటే ఇదీ!"

తాత లోపలికి వచ్చి దిమ్మల మధ్య కూలబడ్డాడు. తువ్వాలు పిండితే నీళ్ళు కారేలా ఉంది. చెంబు అందిస్తే పట్టుకోలేక, నేను తాగించాను.

"ఒక్కటైనా తెలిసిందా తాతా?"

"ఒక్కటీ తెలీలేదమ్మీ." కాసేపు కందిరీగల్ని చూశాడు. "సినిమాల కాడ సెల్లింది. బండి కట్టుకొచ్చిన రైతు కాడ ఇలాగ సెయ్యకూడదు. రేపట్నించి సంతకి ఎళ్ళను."

జాతర వరకు కూడా ఆగలేదు. పెద్దతనం అన్నాడు. ఎవరూ అనుమానపడలేదు. ఆ చెయ్యి సంగతి ఆయన పోయాక కూడా నేను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత తువ్వాలు బేరాలూ పోయాయి. సినిమాహాలు పడగొట్టి బట్టలకొట్టు కట్టారు. సోడా కొట్టాయన లేడు. అరిచిన గొంతుల్లో మిగిలింది మా బాబాయిదే.

ఆయనే మొన్న నా ఎదురుగా, ఫోను మీద వేలు పెట్టి, నొక్కకుండా కూర్చున్నాడు.

"ఆ రోజు నేను రెండేళ్ళు నొక్కేను అమ్మడూ," అన్నాడు. "కత్తి సంఘానికి నాయకుణ్ణి. అయినా నొక్కేను. ఆ రైలు సినిమాలో రైలు కదిలిపోతుంటే తల్లి స్టేషన్లో నిలబడిపోతాది సూడు. మా అమ్మ పోయిన ఏడాది సూసేను అది. ఒక్కణ్ణే ఎళ్ళి, గోనెసంచి మొహానికి అడ్డం పెట్టుకుని సూసేను. ఎవడైనా సూత్తాడని భయం."

బాబాయి ఫోను మీంచి వేలు తీసి, మళ్ళీ పెట్టాడు.

"నాన్నకి తెలుసు. జాతర రోజు పిలిసి టిక్కెట్టుకి డబ్బులిచ్చి, రైలుది కూడా సూసి రారా అన్నాడు. అంతమందిలో నన్ను బయటెయ్యలేదు. సచ్చేదాకా ఒక్క మాట అనలేదు. నువ్వు ఎనకాలే ఉన్నావు కదా, నీతో ఏటైనా అన్నాడా?"

నోటి చివరికి వచ్చింది. తాత వేళ్ళకి ఆ రోజు నువ్వు పెట్టింది చెయ్యో రాయో కూడా తెలియదు బాబాయ్ అని. అన్నానంటే, ఇన్నేళ్ళుగా కొడుకు రహస్యాన్ని చేతిలో దాచుకున్న ఆ తండ్రి ఒక్క మాటతో మాయమైపోతాడు. పోనీ, అది అబద్ధమా? వేళ్ళకి తెలియలేదు నిజమే. ఆ వంచిన తల, ఆ గుటక నేను చూశాను. మొహాలు చదవడం నాకు నేర్పినవాడు చూడలేదని నేనెలా అనగలను?

"తువ్వాలు కింద మాట నన్నడుగుతావేటి బాబాయ్," అన్నాను.

కాటా మీద దుమ్ము తుడిచే తువ్వాలు దులిపి, ఫోను మీద కప్పాను. బాబాయి నన్ను చూసి, రోడ్డు చూసి, చెయ్యి మెల్లగా తువ్వాలు కిందికి పోనిచ్చాడు.

నేను మొహం తిప్పుకున్నాను.